గొట్టంలో మందు మట్టం

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన ఏడాది సెప్టెంబరులో, ఇంగ్లండులోని కోవెంట్రీ శివార్లలో నేను పనిచేసే తూటాల వర్క్‌షాప్‌కి, మేం ఎప్పుడూ తూటాలిచ్చే షూటింగ్ క్లబ్ నుంచి పోటీల ఆర్డర్ వచ్చింది. అప్పటికి అక్కడ నేను సీనియర్ లోడర్‌ని. వాడేసిన ఇత్తడి గొట్టాన్ని శుభ్రం చేసి, అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్ బిగించి, తుపాకీ మందు పోసి, పైన సీసపు గుండు నొక్కి మళ్లీ తూటాగా తయారుచేసే మనిషిని లోడర్ అంటారు. ఈ దేశంలో మామూలు పిస్టల్ ఎవరూ పెట్టుకోకూడదు. పొడవాటి బ్యారెల్, పిడి వెనక కడ్డీ ఉన్న రివాల్వర్లకు మాత్రం పోలీసులు లైసెన్స్ ఇస్తారు. వాటిలో వాడేది పిస్టల్ తూటాలే.

మా యజమాని డెరిక్ ఒక పద్ధతి పెట్టాడు. ప్రతి పెట్టె మీద లోడ్ చేసిన మనిషి తన పేరు తన చేత్తో రాయాలి. నేను అనంతపురం పక్క పల్లెలో బడి ముఖం చూడకుండా పెరిగినదాన్ని. యాభై దాటాక ఇక్కడ కౌన్సిల్ వాళ్ల క్లాసులో అక్షరాలు దిద్దాను. అంతకుముందు నా పెట్టెల మీద డెరిక్ రాసేవాడు. క్లబ్ పెట్టెల మీద 'నాగరత్న' అని నేనే రాయడం మొదలుపెట్టాక ఆ పని ఇంకెవరికీ ఇవ్వాలనిపించలేదు.

ఆ వేసవిలో శైలజ చేరింది. విజయవాడ పిల్ల. పిల్ల అంటున్నాను గానీ నాకంటే ఎనిమిదేళ్లే చిన్న. అయినా మొదటి రోజే "ఆంటీ" అంది.

"నేను నీకు ఆంటీ ఎట్లయితాను? అక్కా అను" అన్నాను.

"ఇక్కడ అందరూ అలాగే పిలుస్తారు కదండీ, ఆంటీ" అని నవ్వింది.

కాలేజీలో ఎన్‌సీసీ రైఫిల్ పట్టిందట. ఆదివారాలు క్లబ్‌కి వెళ్లి కాల్చేది. ఇన్నేళ్లలో నేను ఒక్క తూటా కూడా కాల్చలేదు. కాల్చాల్సిన పని నాకు పడలేదు.

పోటీకి ఎవరి తూటాలు వాడాలో తేల్చడానికి డెరిక్ క్లబ్ కెప్టెన్‌కి పేర్లు లేని రెండు పెట్టెలిచ్చాడు. ఒకటి నాది, ఒకటి శైలజది. కెప్టెన్ రెండూ కాల్చి, రెండో పెట్టెతో చెయ్యి పైకి లేవడం లేదనీ, గురి వెంటనే మళ్లీ కుదురుతోందనీ చెప్పాడు. రెండో పెట్టె శైలజది. ఆర్డర్ ఆమెకు పోయింది. పెట్టె మీద పేరూ పోయింది.

ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినబుద్ధి కాలేదు. ఆమె నవ్వు, ఆమె గోళ్ల రంగు, ఆదివారం ఎట్లా గడిచిందని కెప్టెన్ ఆమెను అడిగే తీరు, అన్నిటికీ వంకలు పెట్టుకుంటూ గిన్నెలు తోమాను.

మందు తక్కువ పోసి మెత్తగా చేసిందని అనుకున్నాను. పోటీ తూటాకి కనీసం ఇంత వేగం ఉండాలని నియమం ఉంది. క్రోనోగ్రాఫ్ పెట్టమని డెరిక్‌ని పట్టుబట్టాను. గుండు వేగం కొలిచే యంత్రం అది. గుండు రెండింటిలోనూ ఒకటే. వేగం కూడా ఇంచుమించు ఒకటే వచ్చింది.

డెరిక్ అప్పుడు విడమరిచి చెప్పాడు. కాల్చినప్పుడు తుపాకీ వెనక్కి తన్నేది గుండు ఒక్కటి బయటికి పోయినందుకే కాదు. కాలిన మందు వాయువై గుండు వెనకే దూసుకుపోతుంది. దాని బరువు, వేగం కూడా చేతిని వెనక్కి తోస్తాయి. నేను వాడే మందు నిదానంగా కాలేది. అదే వేగం రావాలంటే అది ఎక్కువ పొయ్యాలి. శైలజది త్వరగా కాలేది, కొంచెమే చాలు. అందుకే దాని తన్ను తక్కువ. ఇది యంత్రానికి కనపడదు, చేతికి తెలుస్తుంది.

"మీరూ ఓసారి కాల్చి చూడండి ఆంటీ, తేడా తెలిసిపోద్ది" అంది శైలజ.

"నా చెయ్యి నాకు పనికి కావల్ల. ఆటకు కాదు" అన్నాను.

కానీ నా మందుకు ఒక గుణముంది. అది ఉబ్బుగా ఉండి గొట్టాన్ని సగానికి పైగా నింపుతుంది. పొరపాటున ఒకే గొట్టంలో రెండుసార్లు పోస్తే పొంగి ట్రేలో పడుతుంది, గుడ్డివాళ్లకు కూడా తెలుస్తుంది. శైలజ మందు అడుగున అణిగి ఉంటుంది. రెండుసార్లు పోసినా గొట్టంలోనే దాక్కుంటుంది. అది కాల్చితే రివాల్వర్ చేతిలోనే పగలవచ్చు. ఈ మాట డెరిక్‌తో అన్నాను. గుండ్లు నొక్కే ముందు ఆమె టార్చ్ వేసి చూసుకుంటుంది కదా అన్నాడు. అదీ నిజమే.

ఆ మర్నాటి నుంచి ఆమె ట్రేలు నేనూ చూడడం మొదలుపెట్టాను. నాకు అప్పగించిన పని కాదు. ఆమె టీకి లేచిందంటే నేను టార్చ్ పట్టుకుని వంగేదాన్ని.

"ఏంటండీ ఆంటీ, నా మీద సీఐడీ పనా?"

"నీ మీద కాదులే పాపా, నీ మందు మీద."

"చూడండి చూడండి. కళ్లు నొప్పెడితే వేసుకునే చుక్కలు నా దగ్గరున్నాయి."

రెండు వారాలు ఏమీ దొరకలేదు. ప్రతిసారీ నిరాశే. మూడో వారం ఒక మధ్యాహ్నం ఆమె వరస మధ్యలో ఉండగా డెలివరీ వాడు బెల్ కొట్టాడు. వెళ్లి సంతకం పెట్టి వచ్చి మిగతావి పోసింది. ట్రే అంతా టార్చ్ వేసి చూసి, గుండ్ల పెట్టె కోసం అల్మరా వైపు తిరిగింది. నేను వంగాను. నాలుగో వరసలో ఒక గొట్టంలో మందు మట్టం పక్కవాటికంటే పైకి ఉంది. అన్నిటిలోనూ లోతుగానే ఉంది కాబట్టి వేగంగా చూసే కంటికి ఆనదు.

నాకు ముందు కలిగింది భయం కాదు, సంతోషం.

"శైలజా, ఇట్లా రా. ఇదేందో చూడు."

చూసింది. ఆ గొట్టంలోని మందును త్రాసులో పోసింది. సరిగ్గా రెండింతలు ఉంది; బెల్ మోగకముందు పోసిన గొట్టంలోనే వచ్చాక మళ్లీ పోసిందన్నమాట. టార్చ్ తీసి ఆ ఖాళీ గొట్టంలోకి మళ్లీ చూసింది. "చూశాను అక్కా. టార్చ్ వేసే చూశాను" అంది. అక్కా అనడం అదే మొదటిసారి.

నేను డెరిక్‌ని పిలిచాను. ఆర్డర్ మళ్లీ నా చేతికొస్తుందనే నమ్మకంతోనే పిలిచాను.

డెరిక్ ఆ ట్రే మొత్తం ఖాళీ చేయించాడు. మందు మార్చలేదు. కెప్టెన్‌కి కావలసింది ఆ మెత్తదనమే అన్నాడు. వరస మధ్యలో ఎవరు లేచినా ట్రే ఖాళీ చేసి మొదటి నుంచి పొయ్యాలన్నాడు. శైలజ పోసిన ప్రతి ట్రేనీ నేను చూశాకే గుండ్లు నొక్కాలన్నాడు. పెట్టె మీద రెండో లేబుల్ అంటించాడు. పైన లోడ్ చేసినవారు శైలజ, కింద తనిఖీ చేసినవారు నాగరత్న.

క్లబ్ కప్పు గెలిచింది. కెప్టెన్ వర్క్‌షాప్‌కి వచ్చి శైలజకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. నేను వెనక బెంచీ దగ్గరే ఉన్నాను. రిటైరయ్యే దాకా ఆమె ట్రేలు చూశాను. మరో రెండింతల గొట్టం దొరకలేదు. దొరుకుతుందన్న ఆశ మాత్రం నేను వదల్లేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. తన్ను తక్కువగా ఉండే మందు వాడవచ్చు, తప్పేమీ లేదు. కానీ పోసిన మనిషి కన్ను తను సరిగ్గా పోశాననే చూస్తుంది. మట్టం చూడడానికి ఇంకొకరి కన్ను కావాలి. ఆ ఇంకొకరు పోసినామెకు స్నేహితురాలు కాకపోతే మరీ మంచిది.