గడ్డికి రంగు వేసిన మనిషి

మా పక్కింటాయన చనిపోయిన సంగతి నాకు మొదట చెప్పింది మా వీధిలోవాళ్లు కాదు. ఆళ్లగడ్డ అవతల గొర్రెలు కాసుకునే ఒకావిడ. ఉదయం ఆరున్నరకు ఫోన్ చేసింది.

"అన్నా, మ్యాపుల సారు పోయినాడంట. నిజమేనా?"

బనియన్ మీదే బయటికి వచ్చాను. నంద్యాలలో మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. ఆయన ఇంటి ముందు అప్పటికే నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. నిద్రలోనే పోయారు. గుండె ఆగిందని డాక్టరు చెప్పారు. వయసు డెబ్బై ఒకటి.

ఆయన భార్య రిటైరైన నర్సు. తెల్లవారగానే ఆమె మొదటి ఫోన్ చుట్టాలకు చేయలేదు, ఆ గొర్రెల కాపరికి చేశారు. "మీ సారు ఈ పొద్దు రాడు మే. దావ చూడాకు" అని చెప్పి, ఆ తర్వాతే బంధువుల నంబర్లు తీశారు. కారణం ఉంది. ఆయన ఆ ఉదయం బస్సుకు ఆళ్లగడ్డ పోవాల్సి ఉంది. సంచి ముందురాత్రే సర్ది తలుపు వెనక తగిలించారు. మొక్కల గుంతలు తవ్వడానికి మిషన్ వస్తోందని కాపరి కబురు చేసింది. ఇరవై ఏళ్లకు పైగా ఆయన కాపాడుకుంటూ వచ్చిన గడ్డి నేల అది. మిషన్ వచ్చేది మరుసటి రోజు. ఆయన ఒకరోజు ముందే పోయి అక్కడ ఉందామనుకున్నారు. అది కుదరలేదు.

ఆయన ఉద్యోగం పటాలు గీయడం. అడవులకు ప్రణాళికలు తయారయ్యే ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. ప్రతి పదేళ్లకు ఒక ప్రణాళిక రాస్తారు. ఎక్కడ మొక్కలు పెట్టాలి, జంతువులకు నీటి గుంట ఎక్కడ తవ్వాలి, ఏ చోటును ముట్టుకోకుండా వదిలేయాలి అన్నవన్నీ అందులో ఉంటాయి. రాసేది ఆఫీసర్లు. పటం గీసేది ఆయన. ఆఫీసర్లు మూడేళ్లకు బదిలీ అయిపోతారు, పటం పదేళ్లు ఉంటుంది. ఈ సంగతి ఆయన ఎప్పుడూ మరిచిపోలేదు.

గీసేటప్పుడు టీ తాగేవారు కాదు. గ్లాసు కిటికీలో పెట్టించి, గీత పూర్తయ్యాక చల్లారినదే తాగేవారు. పెన్సిల్ బ్లేడుతో చెక్కి, ఆ పొట్టును పాత కవర్లో వేసేవారు. ఆదివారం చర్చిలో చివరి బెంచీ ఆయనది. ఒకసారి గ్యాస్ ఆఫీసు కొత్తగా ఎక్కడికి మారిందని అడిగితే, నా చేతిలో పేపరు లాక్కుని, దాని అంచు మీద ఉత్తరం గుర్తుతో సహా పటం గీసిచ్చారు.

"ఏందన్నా, పక్క సందుకు గూడా మ్యాపా?" అన్నాను.

"నోటితో చెప్తే నువ్వు పేపర్లో ఇంకొకటి రాస్తావు" అన్నారు.

ఆ ఎత్తిపొడుపుకు ఆయనకు హక్కు ఉంది. ఎందుకో చెబుతాను.

ఆళ్లగడ్డ దాటాక, కొండ మొదలయ్యేలోపు ఒక పెద్ద మిట్ట ఉంది. అడవి భూమే, కానీ చెట్లు లేవు. అడుగు లోతున బండ తగులుతుంది. పైన మోకాలెత్తు గడ్డి. ఆయన గీసిన మొదటి ప్రణాళిక పటంలో చెట్లకు ఒక రంగు, ముళ్లపొదలకు ఒక రంగు, బండలకు, నీటికి వేర్వేరు రంగులు ఉన్నాయి. గడ్డికి లేదు. రంగుల జాబితాలో లేనందువల్ల ఆ మిట్టను ఆయన తెల్లగా వదిలేశారు. ఆఫీసు గదిలో కూర్చుని పటం గీసేవాళ్లు మాత్రమే చేయగల తప్పు అది. తర్వాత వచ్చిన ఆఫీసరు పటం చూశారు. తెల్లగా ఉంది కాబట్టి అక్కడ ఏమీ లేదనుకున్నారు. మిట్టలో సగం మేర గుంతలు తవ్వించి మొక్కలు పెట్టించారు. పేపరు విలేకరిగా నేను పోయి ఫోటో తీసి, బీడుకు పచ్చదనం వచ్చిందని వార్త రాశాను. అక్కడ అంతకుముందు ఏముండేదని నేను ఎవరినీ అడగలేదు.

రెండేళ్లలో మొక్కలు ఎండిపోయాయి. వేళ్లకు బండ అడ్డం వచ్చింది. తవ్విన చోట గడ్డి కూడా తిరిగి మొలవలేదు. నేల మీద గూడు పెట్టే పిట్టలు ఆ పక్కకు రావడం మానేశాయి. ఇదంతా ఆయన పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. సెలవు రోజు పటం పట్టుకుని అక్కడికి పోతే, ఈ గొర్రెల కాపరి ఎదురైంది. అప్పటికి ఆమెకు ముప్పై కూడా ఉండవు.

"ఈ గుంతలు తవ్వమని చెప్పింది యా మహానుభావుడప్పా? బాగుండే కసువును చంపి కట్టెలు నాటినారు" అందట. ఆమె కసువు అన్నది గడ్డిని.

"నేనేమ్మా" అన్నారట ఆయన.

ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి నిలబడే చెప్పారు. "నువ్వు రాసింది నేను గీసినదాన్ని చూసే రాసినావు. తప్పు నాది. కానీ ఇంకోతూరి పోయి చూసి రాయప్పా." ఆ తర్వాత అన్న మాట నేను అప్పుడే నోటుబుక్కులో రాసుకున్నాను: "తెల్లగా వదిలితే ఎవడో ఒకడు గుంత తవ్వుతాడు."

అప్పటినుంచి ఆయన ఆదివారాలు మారాయి. చర్చి కాగానే ఆళ్లగడ్డ బస్సు. ఆ కాపరి వెనక గొడుగు పట్టుకుని నడిచేవారు. ఏ నెలలో ఎక్కడ ఏ గడ్డి మొలుస్తుంది, కుందేలు ఎక్కడ పడుకుంటుంది, నక్క ఏ దారిన వస్తుంది, మందను ఎప్పుడు ఏ పక్కకు తోలకూడదు, అన్నీ ఆమెను అడిగి రాసుకునేవారు. చిన్న చిన్న పల్లాలకు కూడా ఆమె పిలిచే పేర్లే పటంలో పెట్టారు. "పేరుండే చోటును తవ్వాలంటే మనిషికి ఒక్క క్షణమన్నా చెయ్యి ఆగుతాది" అనేవారు. ఆమె మాత్రం ఆయన్ను ఏడిపించేది. "గొర్లే నయం సార్, ఒకతూరి చెప్తే దావ మరిచిపోవు. నీకు పదిసార్లు చెప్పాల."

పదేళ్లు గడిచి కొత్త ప్రణాళిక వచ్చింది. మిగిలిన సగం మిట్టలో కూడా మొక్కలు పెట్టాలని ముసాయిదాలో ఉంది. ఆయన రిటైర్ కావడానికి అప్పటికి ఏడాదే ఉంది. నంద్యాలలో జరిగిన సమావేశానికి నేనూ వెళ్లాను. ఆయన గోడకు తగిలించిన పటంలో ఆ మిట్ట కొత్త రంగులో ఉంది. ఎండుగడ్డి రంగు. పసుపులో కాస్త ఎరుపు కలిపి ఆయన స్వయంగా తయారు చేసుకున్నది.

బయటి జిల్లా నుంచి వచ్చిన పెద్దాఫీసరు దాని మీద వేలు పెట్టారు. "ఇదేమిటి? జాబితాలో లేని రంగు ఎలా వేశారు?"

"జాబితా తప్పు సార్."

"జాబితా తయారు చేసింది ఎవరు?"

"నేనే సార్."

గదిలో నవ్వారు. ఆయన నవ్వలేదు. పాత పటం పక్కన పెట్టి, తాను తెల్లగా వదిలిన చోటు ఇదని, దానివల్ల జరిగిన నష్టం ఇదని, కింది ఉద్యోగులందరి ముందూ వరసగా చెప్పారు. నలభై ఏళ్ల ఉద్యోగంలో నేను చాలా సమావేశాలు చూశాను. తన తప్పును తానే పటం మీద చూపించిన ఉద్యోగిని ఆ ఒక్కరినే చూశాను.

"సరే, గడ్డి తప్ప ఏమీ లేదు కదా. ఖాళీ స్థలమే కదా?" అన్నారు ఆఫీసరు.

"మీ ఇంట్లో బీరువా లేకుంటే ఆ గది ఖాళీదేనా సార్? ఆడ పిల్లోళ్లు పండుకోరా?"

ఆఫీసరు ముసాయిదా మూసేశారు. ఆ మిట్టను చూశాకే సంతకం పెడతానన్నారు.

వారం తిరక్కముందే పోయాం. ఏప్రిల్ నెల. తొమ్మిదింటికే ఎండ మండుతోంది. జీపు దిగగానే తీతువు పిట్ట ఒకటి మా తలల మీద తిరుగుతూ అరవడం మొదలుపెట్టింది. డ్రైవరు మొహం మాడ్చుకున్నాడు. "పొద్దున్నే దీని నోట్లో మన్ను పడ. శకునం బాలేదు సార్, ఇంకోనాడు వస్తాం."

"అది నీ చావు గురించి అరుస్తాండలేదప్పా. దాని పిల్లల చావు గురించి అరుస్తాండాది" అన్నారు మా పక్కింటాయన.

ఆఫీసరు నాలుగడుగులు వేశారో లేదో, దూరం నుంచి కాపరి కేక వేసింది. "నిలబడు సార్! ముందరికి అడుగేయాకు!"

ఆఫీసరు ఒక కాలు గాల్లోనే ఉంచి ఆగిపోయారు. "పామా?"

"పామైతే అదే పోతాది గదా సార్. గుడ్లు!"

ఆమె పరుగున వచ్చి కర్రతో చూపించింది. ఆఫీసరుకు ఎంతసేపటికీ కనిపించలేదు. నాకూ కనిపించలేదు. గులకరాళ్లలో గులకరాళ్లలా నాలుగు గుడ్లు, బూటుకు జానెడు దూరంలో. గూడు అనడానికి ఒక్క పుల్ల కూడా లేదు. ఆఫీసరు డ్రైవరు భుజం పట్టుకుని, తన అడుగుల్లోనే తాను అడుగులు వేస్తూ వెనక్కి వచ్చారు.

"మనం గుంతలు ఏ నెలలో తవ్వుతాం?" అని అడిగారు.

"ఏప్రిల్, మే సార్. వానకు ముందర" అన్నారు ఆయన.

ఆఫీసరు అక్కడికక్కడే ముసాయిదా మార్చమన్నారు. ప్రణాళికలో మిట్ట పేరు, దాని పక్కన 'గడ్డి నేల, గుంతలు తవ్వరాదు' అన్న మాట చేరాయి. రంగుల జాబితాలో ఒక గడి పెరిగింది. పటాలు కంప్యూటర్‌లోకి మారేనాటికి ఆయన రిటైరై ఉన్నారు. అయినా పాత పటం చంకలో పెట్టుకుని ఆఫీసుకు పోయి, తెర మీద ఆ రంగు కుదిరేదాకా లేవలేదట. "ఇది పసుపు. నేనడిగింది ఎండిన కసువు" అని మూడుసార్లు మార్పించారని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాతి ప్రణాళికలోకి కూడా ఆ గడి అలాగే వచ్చింది. అయినా ఆయనకు నమ్మకం చాలేది కాదు. ఏటా తవ్వకాల కాలంలో ఒకసారి పోయి చూసి వచ్చేవారు.

ఆయన పోయిన రోజు సాయంత్రం చర్చి శ్మశానంలో ఆయన్ను ఖననం చేశాం. కాపరి మందను ఎవరికో అప్పగించి బస్సులో వచ్చింది. మట్టి వేశాక ఆయన భార్య ఆమె చెయ్యి పట్టుకుని ఒకటే అడిగారు. "రేపు మిషనుకు అడ్డం ఎవురుండారు మే?"

"నేనుండా గదమ్మా" అంది కాపరి. ఆ తర్వాత నా వైపు చూసింది.

మరునాడు తొమ్మిదింటికి నేను మిట్ట దగ్గర ఉన్నాను. మిషన్ గడ్డి అంచున ఆగి ఉంది. దాని ముందు, నాలుగు నెలల కిందట ఈ అడవి భాగానికి కాపలాగా వచ్చిన అటవీ ఉద్యోగిని నిలబడి ఉంది. పాతికేళ్లు ఉంటాయేమో. మిషన్ మట్టి తోడే తొట్టి మీదే పటం పరిచింది. కాంట్రాక్టరు మనిషి వేలు చూపిస్తూ వాదిస్తున్నాడు.

"పనుల లిస్టులో ఈ సర్వే నంబరు ఉండాది మేడమ్. ఒక్క పూట పని. ఈడ చెట్టూ లేదు, చేమా లేదు. ఎవురికి నష్టం?"

"లిస్టులో ఉంటే లిస్టు సరిచేయిస్తా. ఈ రంగు ఉండే చోట గుంత తవ్వకూడదు. కింద రాసి ఉండాది, చదువుకో."

"ఎవురు గీసినారు ఇది?"

"నాకు తెలీదు. వెనక్కి తీయించు."

కాపరి చెప్పబోయి ఆగింది. నేనూ ఆయన పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కనిపించలేదు. ఆయన్ను ఒక్కసారి కూడా చూడని మనిషి, ఆయన ఎవరో తెలియని మనిషి, ఆయన గీసిన గీత దగ్గర నిలబడి మిషన్‌ను ఆపింది. ఆయన ఉండి ఉంటే గొడుగు మీద ఆనుకుని, చల్లారిన టీ తాగినంత తీరిగ్గా ఇదంతా చూసేవారు.

డ్రైవరు గొణుక్కుంటూ మిషన్‌ను వెనక్కి తిప్పాడు. అది దుమ్ము లేపుకుంటూ రోడ్డెక్కింది. శబ్దం తగ్గేదాకా మేం ముగ్గురం అక్కడే నిలబడ్డాం. మిట్ట అవతలి చివర కృష్ణజింకలు ఏడెనిమిది మెడలు నిలబెట్టి ఇటే చూస్తున్నాయి. దుమ్ము సర్దుకున్నాక వాటిలో ఒకటి తల దించి మేతలో పడింది. కాసేపటికి ఇంకొకటి.