చెంబు తుడిచే ఎత్తు

గెలుస్తున్న ఆటను డ్రాకు వదిలేయడంలో హిందూపురం మొత్తానికీ నన్ను మించినవాళ్ళు లేరు. చదరంగంలో నా పేరు చెప్తే మా ఊరి ఆటగాళ్ళకు గుర్తుకొచ్చేది నా ఎత్తులు కాదు, బల్లమీదుగా చాచిన నా చెయ్యి. ఒక బంటు ఎక్కువున్నా సరే, శకటు ఎక్కువున్నా సరే, ఆట చివరికొచ్చి బల్లమీద నాలుగైదు పావులు మిగిలేసరికి నాకు అరచేతులు చెమర్చేవి. "డ్రా చేసుకుందామా?" అనేదాన్ని. ఎదుటివాళ్ళు ముందు నమ్మేవాళ్ళు కాదు. తర్వాత నేను మనసు మార్చుకుంటానేమోనని గబగబా చెయ్యి కలిపేవాళ్ళు.

తప్పు నాదొక్కదానిదే అనను, మా ఇంటిది కూడా. మాది పాత్రల అంగడి. మా అవ్వ, నాయన, ఇప్పుడు నేను, అందరం ఇత్తడి బిందెలకూ స్టీలు గిన్నెలకూ మధ్యే పెరిగాం. "వచ్చిన గిరాకీని గడప దాటనీకు" అన్నది మా నాయన నాకు నేర్పిన మొదటి పాఠం. అక్షరాలు ఆ తర్వాత. సగం లాభమైనా సరే, బేరం ముడి పడాలి. గడప దాటినవాడు పక్క అంగట్లో కూర్చుంటాడు. అట్లా పెరిగినదానికి డ్రా అంటే చేతికందిన సగం. దాన్ని వదిలి మొత్తానికి ఆశపడటం మా వంశంలో లేదు.

ఈ జబ్బుకు మందు పెనుకొండలో దొరికింది. అక్కడ బజారులో ఒక వాచీల అంగడి ఉంది. అంగడి అంటే పెద్దమాట, ఒక అద్దాల పెట్టె, దాని వెనక ఒక స్టూలు, స్టూలుమీద కంటికి భూతద్దం బిగించుకున్న ఒక ముసలాయన. సెల్‌ఫోన్లు వచ్చాక వాచీ బాగుచేయించుకునేవాళ్ళు తగ్గిపోయారు, బెల్టుకో బ్యాటరీకో వస్తారంతే. చుట్టాలింటికి పోయినప్పుడు మా ఆయన వాచీ ఇద్దామని ఆగాను. ఆయన పని చూడకముందే నేను బేరం మొదలుపెట్టాను.

"దుడ్లు ఎంతయితాది మామా?"

"తెరిచి చూడనీమ్మా. తెరవకముందే ఎట్ల చెప్పేది?"

"తెరిస్తే ఎక్కువ చెప్తావు కదా."

ఆయన భూతద్దం తీసి నన్ను చూశాడు. అద్దాల పెట్టెమీద, విప్పిన వాచీల పక్కనే, చిన్న చదరంగం బల్ల ఉంది. నా చూపు దానిమీద పడటం గమనించాడు. "ఆడతావా? నువ్వు గెలిస్తే రిపేరు ఊరికే" అన్నాడు.

ఊరికే అన్న మాట వింటే మా ఇంట్లో పసిపిల్లలు కూడా నిద్రలేస్తారు. కూర్చున్నాను. ఎట్లా కుదిరిందో ఏమో, ఒక శకటు గెలిచాను. ఇంకేముంది, చేతులు చెమర్చాయి. "డ్రా చేసుకుందాం మామా, రిపేరు సగం తీసుకో" అన్నాను.

ఆయన నవ్వాడు. పళ్ళు తక్కువ, నవ్వు ఎక్కువ. "గెలిచే దాన్ని నాకెందుకమ్మా ఇచ్చేస్తాండావు? సరే, రిపేరు మాత్రం పూరా కట్టల్ల. గెలిస్తే కదా ఊరికే అనింది!"

పూరా కట్టాను. కానీ బయటికి పోతుంటే వెనకనుంచి ఒక మాట అన్నాడు. "ఆట మొదట్లో ఆడేది వస్తాది నీకు. ముగించేది రాదు. ఆదివారం వస్తే నేర్పిస్తా."

ఆదివారం మా అంగడికి సెలవు. హిందూపురంలో పొద్దున ప్యాసింజరు ఎక్కితే పెనుకొండ ఎంతో దూరం కాదు. పోయాను. ఫీజు ఎంతని అడిగితే ఏమీ వద్దన్నాడు. ఏమీ వద్దంటే బేరం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆ పూటంతా నేను అయోమయంగానే ఉన్నాను.

ఆయన దగ్గర ఒక లావుపాటి నోటుపుస్తకం ఉండేది. వయసులో ఉన్నప్పటినుంచీ పాత పేపర్లలో వచ్చిన మాస్టర్ల ఆటలు కత్తిరించి అంటించినవి, దొరకనివి చేత్తో రాసుకున్నవి. అన్నీ ఎండ్‌గేములే, అంటే ఆట చివరి భాగాలు. "మొదట్లో అందరూ బాగనే ఆడతారు, పెండ్లి పందిట్లో మాదిరి. చివర్లో చూడల్ల ఎవురు ఎట్లాంటోళ్ళో" అనేవాడు.

పాఠం ఒక్కటే రకం. బల్లమీద మాస్టరు ఆట పేర్చేవాడు. పుస్తకంలో తర్వాతి ఎత్తుల్ని వాచీ డబ్బానుంచి చింపిన అట్టముక్కతో మూసేవాడు. "ఈయన ఇప్పుడు ఏం ఆడినాడో చెప్పు." నేను చెప్పాలి. అప్పుడు అట్టముక్క ఒక్క వరుస కిందికి జరిగేది.

మొదటి ఆదివారం బల్లమీద మాస్టరుకు ఒక బంటు ఎక్కువ ఉంది. అవతలివాడి బంటొకటి కాపలా లేకుండా నిలబడి ఉంది. "కొట్టేస్తాడు" అన్నాను. అట్ట జరిగింది. మాస్టరు రాజును ఒక గడి వెనక్కి జరిపాడు.

"ఎందుకు మామా?"

"నన్నడిగితే? ఆయన్నడుగు."

తర్వాతి ఎత్తు. "ఇప్పుడు కొడతాడు." అట్ట జరిగింది. మాస్టరు ఒక మూలనున్న బంటును ఒక్క గడి ముందుకు తోశాడు. ఆ తర్వాత రాజును మళ్ళీ మొదట ఉన్న గడికే తెచ్చాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఈయనకేం పనిలేదా? ఊరికే తిరుగుతాండాడు!"

"ఆయన కాదు, ఎదుటోడు చూడు. వానికి ఏం మిగిలింది?"

చూశాను. అవతలివాడి పావులన్నీ బాగానే నిలబడి ఉన్నాయి, కానీ ఏది కదిపినా ఏదో ఒకటి పోతుంది. ఏమీ కదపకుండా ఉండటానికి లేదు, చదరంగంలో తన వంతు వస్తే కదపాల్సిందే. మాస్టరు ఏమీ చేయకుండానే అవతలివాడికి ఊపిరాడకుండా చేశాడు. రెండు ఎత్తుల తర్వాత ఆ బంటు దానంతట అదే పడిపోయింది.

ఫోనులో నొక్కితే కంప్యూటరు ఒక్క క్షణంలో చెప్పేస్తుంది కదా అని ఒకసారి అన్నాను. "అది జవాబు చెప్తాది. ఈయన ఎట్ల ఓర్చుకున్నాడో చెప్తాదా?" అన్నాడు.

ఎన్నో ఆదివారాలు నేను చెప్పింది ఒకటి, మాస్టరు ఆడింది ఒకటి. నేనెప్పుడూ చూడని దేశాల్లో, ఎప్పుడో పోయిన మనుషులు, పెనుకొండ బజార్లో ఒక అద్దాల పెట్టెమీద నన్ను వారం వారం ఓడించేవాళ్ళు. వాళ్ళు తాము ఆగి, అవతలివాడే కదిలేట్టు చేస్తున్నారని బుర్రకు అర్థమైంది. చేతికి కావడం లేదు.

చేతికి అర్థమైంది మా అంగట్లో. ఒకరోజు మధ్యాహ్నం గుడిబండనుంచి పెండ్లివాళ్ళు వచ్చారు. పెద్ద ఇత్తడి బిందె అడిగారు. ధర చెప్పాను. వాళ్ళలో ఒక ఆడమనిషి మాట్లాడకుండా బిందెను చూస్తూ నిలబడింది. అంతే, నేను ఆగలేకపోయాను. "సరేలేమ్మా, నీకోసం కొంచెం తగ్గిస్తా" అన్నాను. ఆమె అడగనే లేదు. పక్కనే కూర్చున్న నాయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

వాళ్ళు పోయాక అన్నాడు: "మీ అవ్వ అయితే చెంబు తుడిచేది."

అవ్వ చెంబు! చిన్నప్పుడు నేనదంతా చూశాను. అవ్వ ధర చెప్పేది. చెప్పినంక ఒక పాతగుడ్డ తీసుకొని పక్కనున్న చెంబును తుడవడం మొదలుపెట్టేది. మెడ దగ్గర, అడుగున, మళ్ళీ మెడ దగ్గర. కొనేవాళ్ళు ఏమన్నా పలికేదాకా ఆ చెంబు తళతళలాడుతూనే ఉండేది. అవ్వకు శుభ్రం ఎక్కువని అనుకునేదాన్ని. ఆమె చేసింది శుభ్రం కాదు, ఎదుటివాళ్ళు ముందు పలికేదాకా కాచుకోవడం. "గిరాకీని గడప దాటనీకు" అన్న మాట ఒక్కటే పట్టుకున్నాను నేను. గడప దాటకుండా పట్టేది తగ్గింపు కాదు, ఆ మౌనం అని నాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదనుకున్నారేమో, కళ్ళముందే జరుగుతోంది కదా.

మాస్టరు రాజును ఒక గడి వెనక్కి, ఒక గడి ముందుకు జరిపింది గుర్తొచ్చింది. ఆయన చెంబు తుడిచాడు.

ఆదివారం పోయి ఈ మాట చెప్తే మామ చాలాసేపు నవ్వాడు. "మీ అవ్వతో ఆడుంటే నేను ఓడిపోతాంటి" అన్నాడు. కానీ తెలియడం వేరు, చేయడం వేరు. ఆ మరుసటి వారమే మా ఊరి పోటీలో గెలిచే ఆటను మళ్ళీ డ్రా చేసుకొని పోయాను. ఎత్తులు రాసుకున్న నా స్కోరుషీటు చూసి ఆయన నోటుపుస్తకం మూసేశాడు.

"ధర్మవరంలో పోటీ ఉండాదంట కదా. ఆడ గెలిచే ఆటలో నువ్వు డ్రా అడిగినా, ఎదుటోడు అడిగితే ఒప్పుకున్నా, ఈ పుస్తకం నీకు తెరిచేది లేదు."

"మామా, ఒక్కసారికైనా..."

"బేరం లేదు."

"ఓడిపోయే ఆటలో?"

"ఓడిపోయేదాంట్లో అడుక్కో పో, ఎవురొద్దనింది!"

నా జీవితంలో బేరం లేదన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. నిజంగానే లేనిది ఈయన దగ్గరే. వారం పొడుగునా గిన్నెలమ్మే నాకు, ఆదివారం ఆ అట్టముక్క కింద ఏముందో చూడటమే పండగ అయిపోయిందని, ఆ పుస్తకం మూసుకుపోతుందన్నప్పుడే తెలిసింది.

ధర్మవరంలో పోటీ ఒక కల్యాణమండపంలో పెట్టారు. కిటికీలోంచి మగ్గాల చప్పుడు వినిపిస్తూ ఉంది. బహుమతుల బల్ల చూసి నాకు నవ్వొచ్చింది. మూడో బహుమతి స్టీలు గిన్నెల సెట్టు, మా అంగట్లో కొన్నదే. పోటీ పెట్టినవాళ్ళు గీచి గీచి బేరమాడితే మూతలు పలుచగా ఉన్నది అంటగట్టాను. ఇప్పుడు చివరి ఆట డ్రా అయితే ఆ గిన్నెలు నాకే వస్తాయి.

చివరి ఆటలో నా ఎదుట పట్టుచీరల వ్యాపారి. ఆడే పద్ధతి కూడా చీర మడత విప్పినట్టే, ఒక్కొక్కటీ చూపిస్తూ. చివరికి ఇద్దరికీ చెరొక ఏనుగు మిగిలింది. నాకు ఒక బంటు ఎక్కువ. అది మంత్రి కావడానికి ఒక్క గడే ఉంది, కానీ దాని ముందున్న గడిలో నా రాజే నిలబడి దారి మూసేశాడు.

వ్యాపారి గడియారం చూసి మెల్లగా అన్నాడు: "డ్రా చేసుకుందామా అక్కా? మీకు రైలు టైమయితాండాది."

గిరాకీకి బస్సు గుర్తుచేయడం మా ఇంట్లో మూడు తరాల విద్య. నాకే అమ్మజూస్తున్నాడు! అయినా చేతులు చెమర్చాయి. గిన్నెల సెట్టు కళ్ళముందు మెరిసింది. నా చెయ్యి బల్లమీదికి పోబోయి ఆగింది. కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకున్నాను. ఈ పక్క, ఆ పక్క, మళ్ళీ ఈ పక్క.

"ఉండన్నా, ఆడదాం" అన్నాను.

రాజును బయటికి తెచ్చాను. ఏనుగుతో చెక్ ఇచ్చాడు. వెనక్కి పోయాను. ఇంకోసారి అట్లానే పోయి వస్తే అదే స్థితి మూడోసారి వచ్చి డ్రా అడిగే హక్కు ఆయనకు వస్తుంది. రాజుమీదికి పోతున్న వేలిని గాలిలోనే ఆపాను. అట్టముక్క గుర్తొచ్చింది. 'ఈయన ఇప్పుడు ఏం ఆడినాడో చెప్పు.' ఇట్లాంటి ఆట పుస్తకంలో ఉంది. నేను రాజును కదిపి తప్పు చెప్పిన ఆటే. మాస్టరు ఏనుగును నాలుగో వరుసకు తెచ్చి ఊరుకున్నాడు. అక్కడ దానికి ఏ పనీ కనపడదు.

ఏనుగును నాలుగో వరుసకు తెచ్చాను.

వ్యాపారి ముఖంలో మొదటిసారి మడత పడింది. ఇప్పుడు నా రాజు బయటికొస్తే ఆయన చెక్, చెక్ అంటూ తరిమాడు. నా రాజు ఒక్కో మెట్టే దిగి ఏనుగు దగ్గరికి వచ్చాడు. చివరి చెక్‌కు ఏనుగు గొడుగులా అడ్డం నిలిచింది. ఇక చెక్‌లు లేవు. బంటు మంత్రి కావడం ఖాయమని చూసి, ఆయన నా చెయ్యి పట్టుకొని, "గట్టి మనిషివే అక్కా" అన్నాడు. రెండో బహుమతి వచ్చింది. అది గోడగడియారం. అది కూడా మామ చెయ్యి పడకుండా ఎన్నాళ్ళు నడుస్తుందో నాకు తెలుసు.

రైల్లో కూర్చున్నాక ఆ మాస్టరు ఎవరో, ఏ ఊరివాడో గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాను. గుర్తు రాలేదు. పేరు తెలియని ఆ మనిషికి మనసులోనే దండం పెట్టుకున్నాను. ఆయన పక్కనే గుడ్డ పట్టుకొని అవ్వ కూడా కూర్చున్నట్టనిపించింది.

ఆదివారం పెనుకొండ పోయాను. గెలిచానని చెప్పాను. మామ తలూపి చెయ్యి చాచాడు, స్కోరుషీటు కోసం. దాన్ని నోటుపుస్తకంలో పెట్టి, బల్లమీద నా ఆటే పేర్చాడు. సగానికి వచ్చాక ఆగాడు. కింది ఎత్తులమీద అట్టముక్క పెట్టాడు.

"ఈయమ్మ ఇప్పుడు ఏం ఆడిందో చెప్పు."

మాస్టర్లమీద పెట్టే అట్టను నా రాతమీద పెట్టాడు. వారం కింద నేనాడిన ఆట, గాబరాలో ఏం ఆడానో నిజంగానే గుర్తులేదు. బల్లనే చూస్తూ కూర్చున్నాను. ఒక బంటు కొట్టడానికి రెడీగా ఉంది. దాన్ని కొట్టను అనుకున్నాను, ఎక్కడికీ పోదు.

"రాజును మధ్యకు తెచ్చుంటుంది" అన్నాను.

అట్ట జరిగింది. ఆ రోజు నేను బంటును కొట్టాను. ఆ తొందరకు వ్యాపారి సరిగ్గా జవాబిచ్చి ఉంటే ఆట అక్కడే డ్రా.

"చూసినావా, ఈయమ్మ తప్పాడింది" అన్నాడు మామ, భూతద్దం కంటికి బిగించుకుంటూ. "నువ్వు చెప్పిందే సరి. తర్వాత?"