జానెడు మట్టి

లాక్‌డౌన్‌లో నేను పనిచేసే సూరత్ మరమగ్గాల సాంచాలు ఆగిపోయాక, తెలంగాణలోని మా ఊరు పరకాల దారి పట్టి నడుస్తూ సూరత్ పొలిమేరలోని కామ్‌రేజ్ చేరాను. అక్కడ రోడ్డు పక్కన, డొక్కలు అంటుకుపోయిన గొర్రెల మధ్య, కచ్ నుంచి వచ్చిన ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఏటా రైతులు పిలిచి మరీ ఆయన మందను పొలాల్లో పడుకోబెట్టుకునేవారట, ఎరువు కోసం. ఈసారి రోగం తెస్తావంటూ ఊళ్లోకే రానివ్వలేదు. పొద్దున్నే రెండు గొర్రెలు చచ్చిపోయాయి.

హిందీలోనే మాట్లాడుకున్నాం. "ఇంటికి పోరాదు చాచా? నాకైతే రైళ్లు లేవు. నీ మందకు టికెట్టెందుకు?" అన్నాను.

"మా గుట్టల మీద మట్టి జానెడే బేటా. కిందంతా పొరలు పొరల పెళుసురాయి. అది చివికితేనే ఆ మట్టి. తడిస్తే జిగట, ఎండితే పెంకు. వానలకు ముందే మేపితే గడ్డి వేళ్లతో సహా లేచొస్తది, తొలివానకే మట్టి కొట్టుకపోతది. అందుకే గడ్డి కుదురుకునేదాక మావోళ్లెవరు మందను అటు తోలరు."

"అరె, మీ మట్టి నా చదువంత పల్చగున్నది గదా!"

ఆయన నవ్వాడు. "మరి మీ మట్టో?"

"నల్లరేగడి చాచా. మనిషి లోతు!" అన్నాను గొప్పగా.

"గంత మట్టి ఉండంగ ఈడికెందుకొచ్చినవ్?"

ఎవరేమన్నా ఠక్కున తిప్పికొట్టే నోరు నాది. కళ్లముందు గొర్రెలు చస్తున్నా జానెడు మట్టిని కాపాడుతున్నవాడు అడుగుతున్నాడు. నేనేమో నా రెండెకరాలూ అమ్మేసే సూరత్ రైలెక్కాను. మాస్కు కళ్లదాకా లాక్కుని నడక సాగించాను.