చాసిస్‌కి అంటించిన రాగిముద్ద

హోసూరు షెడ్డులో నాకు జీపు సస్పెన్షన్ డిజైన్ నేర్పిన అక్క, మధ్యాహ్నం క్యారియర్ తెరవగానే గోలీ అంత రాగిముద్ద తీసి చాసిస్‌కి అంటించేది. చక్రాన్ని జాకీతో ఎత్తినప్పుడు, ఇరుసును పట్టి ఉంచే లింకు కడ్డీ అక్కడ తగిలితే ముద్ద నలిగేది. నలిగితే డ్రాయింగ్ మళ్లీ గీయాల్సిందే. అంతవరకూ తను తినేది కాదు, నన్ను తిననిచ్చేది కాదు. నాకు ఒళ్లు మండేది.

నేను సొంతంగా గీసిన మొదటి లింకులతో, అక్క ఎప్పట్లాగే అంటించిన ముద్దతో జీపు వేప్పనపల్లి మామిడితోట గట్టెక్కి, గుంతల్లో ఒరిగి, దిగి వచ్చింది. అక్క దాని కిందికి దూరింది. నేను పక్కనే వంగి అడిగాను.

“ఏమైందక్కా?”

“ఏమీ కాలేదప్పా. ముద్ద మింద నా వేలిముద్ర కూడా అట్లే ఉండాది. క్యారియర్ యాడ పెట్టినావు?”