డొల్లగా మోగిన రొట్టె

నాగరికత ఎక్కడ మొదలైందో పండితులు ఇంకా తేల్చుకోలేదు గానీ, మా వీధి టైల్స్ మేస్త్రి ఇంట్లో మాత్రం అది ఆయన కుడిచేతి వేలి కణుపు దగ్గర మొదలైంది. కనబడ్డ ప్రతి వస్తువునూ ఆయన ఆ కణుపుతో టకటకా కొట్టి వింటాడు. గట్టిగా పలికితే టైలు కింద సిమెంటు నిండుగా ఉన్నట్టు. డొల్లగా మోగితే లోపల గాలి చేరినట్టు. పీకి మళ్ళీ వేయాల్సిందే. గోడలు, పుచ్చకాయలు, ఒకసారి పరధ్యానంలో మామగారి బట్టతల, అన్నీ ఆ పరీక్షకు నిలబడ్డవే.

ఆయన భార్య నర్సు. శిక్షణ కోసం రెండు నెలలు వేరే ఊరు వెళ్ళింది. "పిల్లల్ని నా దగ్గరికి పంపెయ్యండి బాబూ, మీవల్ల ఏమవుతుంది?" అని అత్తగారు ఫోనులోనే తేల్చేశారు. పిల్లలు లేని ఇంటికి పని నుంచి తిరిగి రావడానికి మేస్త్రికి మనసొప్పలేదు. "ఆదివారం వచ్చి మా అవతారాలు చూడండి అత్తయ్యా. అప్పటికీ నచ్చకపోతే తీసుకెళ్దురుగాని" అని గడువు సంపాదించాడు.

ఆ ఆదివారం పొద్దున్నే ఆయన, అయిదేళ్ళ కూతురు, మూడేళ్ళ బుడ్డోడు కలిసి రొట్టె కాల్చడానికి నడుం కట్టారు. తన సమర్థతకు అంతకు మించిన సాక్ష్యం ఆయనకు తోచలేదు. పిండి పిసికింది పిల్లలే. మేస్త్రి పనల్లా బుడ్డోడి చెవిలోంచి పిండి తీయడం. ముద్ద మీద తడిగుడ్డ కప్పాక కూతురు నిమిషానికోసారి ఎత్తి చూసింది.

"పొంగిందా నాన్నా?"

"నువ్వలా గుడ్లప్పగించి చూస్తుంటే దానికి సిగ్గేస్తోందే. ఇటు రా."

పొంగింది. ఓవెన్‌లో ఎర్రగా కాలి, ఇల్లంతా కమ్మటి వాసన నింపి బయటికొచ్చింది. మేస్త్రి దాన్ని గుడ్డతో పట్టుకుని, తిరగేసి, అడుగున టకటకా కొట్టాడు.

డొల్ల!

ఆయన మొహం పాలిపోయింది. మళ్ళీ లోపల పెట్టాడు. కాసేపాగి తీసి కొడితే ఇంకాస్త డొల్ల. మరోసారి పెట్టబోతుండగా గుమ్మంలో అత్తగారు.

"ఏంటి బాబూ, రొట్టె తలుపు తడుతున్నారు? లోపల ఎవరైనా ఉన్నారా?"

"లోపలంతా గాలే అత్తయ్యా. చెడిపోయింది" అన్నాడు మేస్త్రి, నేరం ఒప్పుకుంటున్నవాడిలా.

అత్తగారు సంచి కింద పెట్టి, తానూ ఒక దెబ్బ వేసి విన్నారు. "అలా మోగితేనే కాలినట్టు. ఇది రొట్టె నాయనా, మీ టైలు కాదు!"

మేస్త్రికి నెత్తిమీంచి సిమెంటు బస్తా దించినట్టయింది. కోసి చూస్తే లోపల దూదిలా ఉంది. పైన పెచ్చు మాత్రం, రెండోసారి కాలిన పుణ్యమా అని, వరండాలో పరవడానికి పనికొచ్చేలా ఉంది. బుడ్డోడు పాలల్లో ముంచుకుని ముక్క మీద ముక్క లాగించి, "నేనే చేశా!" అని అమ్మమ్మ చీరకు మూతి తుడిచాడు.

అత్తగారు చీర మీది పాలమరక తుడుచుకున్నారు.

"పిల్లల్ని ఇక్కడే ఉండనివ్వండి" అన్నారు.

కూతురు వచ్చి నాన్న నడుం వాటేసుకుంది. ఒక రొట్టె ఒక సంసారాన్ని చెదరకుండా నిలిపిన ఆ మహత్తర ఘట్టంలో మేస్త్రి పిండి పడిందన్న నెపంతో కళ్ళు తుడుచుకున్నాడు.

సాయంత్రం అత్తగారు ఒక్కరే బస్సెక్కారు. ఆవిడ చెప్పలేదు గానీ, రెండు రోజులుగా ఆవిడ ఇంట్లో రంగులు వేస్తున్నారు. పిల్లల్ని పడుకోబెట్టడానికి ఖాళీ గది లేదు.