తాళంచెవి నా జేబుల, బండి మంచుల

ముందుగాల్నే చెప్తున్న, మధ్యల నవ్వద్దు. నా బండి నన్ను రోడ్డు మీద ఇడిసిపెట్టి, దానంతట అదే పోయింది. తాళంచెవి నా అంగి జేబులనే ఉన్నది! నర్సింహసామి మీద ఒట్టు, అబద్ధమైతే ఈ చాయ్ నాకు అరగద్దు.

తొంభైలల్ల ముచ్చట. అప్పట్ల నాకొక పాత డీజిల్ పికప్ ఉండె. రంగు పోయింది, సీటు చిరిగింది. కని ఇంజన్ ఉన్నది చూడుండ్రి, బంగారం! కొత్త బండ్లకు వంద నఖరాలు. దీనికేమున్నది? బ్యాటరీ సచ్చినా ఫికర్ లేదు. దిగుడుల పెట్టి, గేరుల ఏసి, జర దొర్లనిస్తే చాలు, దుగ్‌దుగ్‌దుగ్ అని అందుకుంటది. ఆపాలన్నా తాళంచెవితోని పని లేదు, స్టీరింగ్ కింద ఒక నాబ్ గుంజుడే. మర్రిగూడ అంగట్ల ఎవరు దొరికినా గిదే పాట పాడేటోణ్ని: "గీ బండికి బ్యాటరీ వద్దు, మెకానిక్ వద్దు, తాళంచెవి గూడ వద్దు!"

ఒక్క మా అత్తమ్మనే నమ్మకపోయేది. "గా డొక్కుల నేనెక్క అల్లుడా" అనేది. మా దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి పాపం ఆమె మోకాళ్లు కట్టెలెక్క బిగుసుకపోయినయి. ఇద్దరు పట్టుకుంటెగని ఎక్కలేదు, దిగలేదు. యాదగిరిగుట్ట మీద నిద్ర చెయ్యాలని మొక్కు. బస్సెక్కే బలం లేదు. ఆఖరికి నా బండికే ఒప్పుకున్నది. బయలెల్లంగ నా భార్య కిటికీకాడికొచ్చి మెల్లగ అన్నది: "మా అమ్మకు గీరు పడ్డా నువ్వు గుట్ట మీదనే ఉండిపో. ఇంటికి రాకు."

కోడి కూసినంక ఎల్లినం. చిట్యాల ఇంకా రాకముందే మంచు దిగింది. అసొంటి మంచు నేనెన్నడు చూడలే. రోడ్డు లేదు, చేను లేదు. లైట్లు రెండు సచ్చిపోయేటోని కండ్లలెక్క గుడ్డిగ ఎలుగుతున్నయి.

"అల్లుడా, జర తెల్లారనియ్యి" అన్నది అత్తమ్మ.

సరే అని అలవాటు కొద్దీ దిగుడులనే ఆపిన. హ్యాండు బ్రేకు ఎన్నడో పోయింది. నాబ్ గుంజి ఇంజన్ ఆపి, మళ్ల లోపలికి నూకి, గేరుల ఏసి, దిగి, తడుముకుంట రోడ్డు పక్క నుంచి ఒక రాయి తెచ్చి ముందు టైరు కింద పెట్టిన. రాయి చేతికి జిడ్డుజిడ్డుగ తాకింది, ఎవరో నూనె పోసినట్టు. నాకు తట్టలే. అత్తమ్మ తెల్ల చీర కొంగు నిండ కప్పుకొని, కిటికీకి ఆనుకొని కన్నంటుకున్నది.

నేను బయటనే నిలబడ్డ. పిట్ట కూయలే, ఆకు కదల్లే. ఎక్కడో ఒక గంట మోగింది. ఒక్కపారే. ఆగింది. దిక్కు తెల్వలే. ఎవరో నా ఎనక ఊపిరి పీల్చినట్టయింది. తిరిగి చూస్తే మంచే.

జర తెలుపు రాంగనే టైరు దిక్కు చూసిన. రాయి నిండ పసుపు! నడిమిట్ల కుంకుమ బొట్టు! దాని మీద నా టైరు!

"అయ్యో తల్లీ! మైసమ్మవా, పోచమ్మవా? కండ్లు కానక తప్పు చేసిన!"

బలమంత పెట్టి గుంజిన. వచ్చింది. రాయిని ఎదకు అదుముకొని, బండికి ఈపు తిప్పి, తూర్పు దిక్కు మళ్లి కండ్లు మూసుకొని మొక్కుడు పెట్టిన.

ఎనక కిర్రుమన్నది. తల్లి కరుణించిందనుకున్న.

దుగ్... దుగ్... దుగ్‌దుగ్‌దుగ్.

కండ్లు తెరిచి తిరిగిన. బండి లేదు! మంచుల దాని ఎనక చెక్క మాయమైతాంది. జేబు తడుముకున్న. తాళంచెవి ఉన్నది. లోపల అత్తమ్మ! మోకాళ్లు వంగని మనిషి, దూకుదామన్నా దూకలేదు!

"అత్తమ్మా! నాబ్ గుంజు, నాబ్!"

ఉరికిన. దగ్గరికి పోయి ఎనక అద్దంల నుంచి చూసిన. అత్తమ్మ కూసున్న దిక్కు ఖాళీ. స్టీరింగ్ ముంగట, తెల్లగ, జుట్టు ఇరబోసుకొని, ఒకామె మెల్లగ లేచి కూసున్నది.

అయిపాయె. తల్లికి కోపమొచ్చింది. అత్తమ్మను మాయం చేసి తానే నడుపుకుంట పోతాంది! ఇంకొంచెం ఉరికితే తలుపు అందేది. సిగ్గిడిసి చెప్తున్న, అందుకోలే. జర దూరంల ఉరుక్కుంటనే "నర్సింహా! నర్సింహా!" అని ఒర్రిన.

మళ్ల గా గంట మోగింది. మంచుల నుంచి గొర్రెలు! మంద రెండు పాయలైంది, బండి నడిమిట్ల నుంచి పోయి, చేన్ల దిగి, ఆముదపు కట్టె కుప్పల మూతి పెట్టి గుర్రుమని ఆగింది. గొంగడి కప్పుకున్న గొల్ల పెద్దమనిషి బండి దిక్కు పోలే, ఉరికొచ్చి నా కాలరు పట్టిండు.

"ఏం మనిషివిరా! ముసలామె ఆమె బండి ఆమె నడుపుకుంట పోతుంటే, రాయి పట్టుకొని ఎంబడి పడ్తవా?"

చూసుకుంటే ఏమున్నది, రాయి ఇంకా నా సంకలనే ఉన్నది!

"నడిపేది ముసలామె గాదు కాకా, గీ తల్లి..." అని రాయి చూపెట్టిన.

"గది మా మంద మైసమ్మ! దొంగతనం గూడనా?" అని గుంజుకున్నడు.

గంతల బండి లోపల నుంచి దగ్గు వినపడ్డది. మా అత్తమ్మ దగ్గే! తలుపు తీసిన. కుదుపుకు స్టీరింగ్ దిక్కు ఒరిగిందంట, కొప్పు ఊడిందంట. లేచి చూస్తే అల్లుడు లేడు, చక్రం తనంతట తానే తిరుగుతాందంట. గీరు గూడ పడలే. నేను ఆమె కాళ్లు పట్టుకొని చిన్న పోరనిలెక్క ఏడ్చిన.

ఆమె కొప్పు ముడేసుకుంట నన్ను కిందికెల్లి మీది దాక చూసింది.

"బ్యాటరీ వద్దు, తాళంచెవి వద్దు అంటివి. డ్రైవర్ గూడ వద్దని ముందుగాల్నే చెప్పొద్దా అల్లుడా? నిన్ను ఇంటికాడనే ఇడిసొస్తుంటి గద!"