ఎండిన గుంట లెక్క

ఇరవై రెండేళ్లుగా ప్రతి మే నెలలోనూ కెనడాలోని సస్కాచెవాన్ గోధుమ చేల మధ్య అవే నలభై గుంటల దగ్గర బాతులను లెక్కపెట్టడం ఇర్మా ఫ్రీసెన్ పని. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, మెడలో బైనాక్యులర్, చెవి మీద పెన్సిల్. అడ్డదారి ఎరగదు; గుంట చుట్టూ పూర్తిగా తిరిగాకే అంకె వేస్తుంది. వేటగాళ్లు రోజుకు ఎన్ని బాతులను కొట్టవచ్చో, ఏ గుంటలను కాపాడాలో ఆ అంకెలను బట్టే తేలుతుంది. ఈ ఏడు వానల్లేక ఒరెస్ట్ పొలంలోని గుంట నెర్రెలిచ్చింది. దాన్ని కూడా దున్నేద్దామని వచ్చిన ఆ ముసలి రైతు, ఆమె బూట్లు తొడుక్కోవడం చూసి ట్రాక్టర్ ఆపాడు.

"నీళ్లే లేవు, దేన్ని లెక్కపెడతావమ్మా? పోయినేడు పదకొండు కదా, అదే వేసెయ్. తక్కువ వేశావంటే మా వేటకి కోత పెడతారు."

"లేని పదకొండు రాస్తే, ఉన్నవాటిల్లో పదకొండు ఎక్కువ చస్తాయి" అంటూ ఇర్మా పెన్సిల్ అతని చేతిలో పెట్టింది. "నువ్వే తిరిగి రా. ఎన్ని కనిపిస్తే అన్ని వెయ్యి."

ఒరెస్ట్ గొణుక్కుంటూ దిగాడు. గుంట చుట్టూ నడిచాడు. ఎండిన తుంగలో పాత గూడొకటి కనిపిస్తే వంగి చాలాసేపు చూశాడు. తిరిగొచ్చి, పెన్సిల్ నొక్కిపట్టి సున్నా చుట్టాడు. తర్వాత ట్రాక్టర్ ఎక్కి, గుంట మీదుగా కాక, దాని చుట్టూ తిప్పుకుని పోయాడు.